కింది తూము వంతు

ముప్పై ఏళ్ళకు పైబడిన ఉద్యోగంలో నాకు వచ్చిన మెమోలు రెండు. మొదటిది, ఒక వానరోజు కంప్యూటరు గదిలో ఏసీ ముందర తడిసిన సాక్సులు ఆరేసినందుకు. రెండోది నేను అడిగి మరీ ఇప్పించుకున్నది. ఇది ఆ రెండోదాని సంగతి. ప్రోగ్రాములు రాయడం చాలక, ప్రోగ్రాముల్ని మార్చే ప్రోగ్రాములు రాస్తున్న ఈ కాలపు పిల్లలకు పనికొస్తుందని చెబుతున్నాను. పనికిరాకపోతే సాక్సుల సంగతైనా గుర్తుపెట్టుకోండి.

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులు. జమ్మలమడుగులో ఒక కాలువల ఆఫీసు. ఏ కాలువో చెప్పను, ఆ గట్టు మీద మనుషులు ఇంకా ఉన్నారు. మాది పులివెందుల. పాలిటెక్నిక్ చదివి, కంప్యూటరు వచ్చునని చెప్పి, నిజంగానే కొంచెం వచ్చి, ఆ ఆఫీసులో చేరాను. ఊరు మొత్తానికి కంప్యూటరు మా ఆఫీసులో ఒక్కటే అని మా అటెండరు అందరికీ చెప్పేవాడు. బ్యాంకులో ఇంకొకటి ఉందని తెలిసినా మేమెవరమూ కాదనలేదు.

కాలువ మీద ఇరవై రెండు తూములు. రిజర్వాయరులో మట్టం ఎంత ఉంది, ఏ తూము కింద ఎంత ఆయకట్టు, ఏ పంట వేశారు అన్నవి ఇస్తే, ఏ తూము ఏ రోజు ఎత్తాలో ఏ రోజు దించాలో మా ప్రోగ్రాము ఒక పట్టిక అచ్చువేసి ఇచ్చేది. దాన్ని వంతుల షీటు అనేవాళ్ళం. దాని కాపీలు లస్కర్లకు పోయేవి. లస్కరంటే గట్టు వెంబడి తిరుగుతూ తూముల షట్టర్లు ఎత్తి దించే మనిషి. ఇంజనీర్లు బదిలీ అవుతారు, గుమాస్తాలు బదిలీ అవుతారు, లస్కరు మాత్రం కాలువను అంటిపెట్టుకుని ఉంటాడు.

ఆ ప్రోగ్రాము రాసింది నాకు ముందు ఆ కుర్చీలో ఉన్న మేడం. గుమాస్తాగా చేరి, పుస్తకాలు తెప్పించుకుని, ప్రోగ్రాములు రాసే పాస్కల్ భాషను సొంతంగా నేర్చుకున్న మనిషి. నేను వచ్చేనాటికి ప్రొద్దుటూరుకు బదిలీ అయి వెళ్ళారు. ప్రోగ్రాము నిండా మీసాల బ్రాకెట్లు పెట్టి, వాటి మధ్య ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు రాసి పెట్టారు. 'ఏడో తూము షట్టరు తుప్పు పట్టింది, అరగంట ముందే మొదలుపెట్టాలి' అని ఒకచోట. 'ఈ ఊళ్ళో తిరునాళ్ళ రోజు నీళ్ళు వద్దంటారు' అని ఇంకోచోట. ఇది ప్రోగ్రామా, పెద్దమ్మ రాసిన ఉత్తరమా అని నవ్వుకునేవాణ్ణి. నేను వాటిని చూశాను. చదివానని మాత్రం చెప్పలేను.

చేరిన ఏడాదికి పైనుంచి ఆర్డరు వచ్చింది. ఒక్కో వంతు పది రోజులు కాదు, ఇకనుంచి ఎనిమిది రోజులు. ప్రోగ్రాములో పది అన్న అంకె వంద చోట్ల ఉంది. మేడం ఉంటే రెండు వారాలు కూర్చుని ఒక్కొక్కటీ చూసి మార్చేవారు. నాకంత ఓపిక ఎక్కడిది? పది కనపడినచోటల్లా ఎనిమిది పెట్టమని ఎడిటరుకు చెప్పి టీ తాగి వచ్చాను. షీటు అచ్చయింది, కాపీలు పోయాయి.

మర్నాడు పొద్దున లస్కరు సైకిలు మీద వచ్చాడు. అరవైకి దగ్గర పడుతున్న సాయిబు, ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు. అంకెలు వచ్చు, అక్షరాలు రావు. షీటును బల్లమీద పరిచి, నీళ్ళలో నాని తెల్లబడిన వేలు దానిమీద పెట్టాడు.

"సార్, ఎనిమిదో తూము రెండు తూర్లు ఎత్తమన్నారు. పదో తూము యాడికి పాయ?"

ప్రోగ్రాములో రోజుల్ని చెప్పే పదితో పాటు, పదో తూము నంబరులోని పది కూడా ఎనిమిదైపోయింది. "మిషను పొరపాటుప్పా" అన్నాను.

"మిషను పాపం ఏం జేస్తాది సార్. మీరు చెప్పిందే గదా చేసేది" అని షీటు మడిచి నాకే ఇచ్చి వెళ్ళాడు. కంప్యూటరు గురించి అంతకంటే సరైన మాట నాకు మా లెక్చరర్లు కూడా చెప్పలేదు. అప్పుడు మాత్రం ఒళ్ళు మండింది.

ఆ మంటలోంచే నా గొప్ప పని పుట్టింది. కంపైలరు అనేది, మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేట్టు మార్చిపెట్టేది, ప్రోగ్రామును వట్టి అక్షరాల వరసగా చూడదు. లోపల దాన్ని ఒక చెట్టులాగా విడదీసుకుంటుంది. 'మట్టం ఇంతకు దిగితే ఇది చెయ్యి, లేకపోతే అది చెయ్యి' అని ఉందనుకోండి. అది ఒక కణుపు. షరతు ఒక కొమ్మ, చేయవలసిన పనులు రెండు కొమ్మలు. ఆ చెట్టులో రోజుల పది ఒకచోట వేలాడుతుంది, తూము పది ఇంకోచోట వేలాడుతుంది. ఏది ఏదో అక్కడ ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి మార్చదలుచుకున్నది అక్షరాల్లో కాకుండా చెట్టులో మార్చాలి. మార్చిన చెట్టు నుంచి ప్రోగ్రామును తిరిగి రాయించుకోవాలి.

ఒక పాఠ్యపుస్తకం వెనక చిన్న పాస్కల్ కంపైలరు మొత్తం అచ్చువేసి ఉంది. దాన్ని రెండు నెలలు కూర్చుని టైపు చేసి, చెట్టు తయారైన చోట ఆపి, అక్కడ నా పనిముట్టు తగిలించాను. ఒక్క కమాండు ఇస్తే చాలు. ప్రోగ్రామును చదివి, చెట్టు కట్టి, కావలసినచోట మార్చి, మళ్ళీ అక్షరాల్లో రాసి, కంపైలు చేసి, నడిపి, షీటు అచ్చుకొట్టేది. చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవడమే నా పని. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టు ఆ నెలంతా అవసరం ఉన్నా లేకున్నా దాన్ని నడిపాను.

చెట్టు నుంచి తిరిగి వచ్చిన ప్రోగ్రాము పాతదానిలో సగమే ఉంది. కారణం నాకు తెలుసు. మీసాల బ్రాకెట్ల మధ్య మాటలు మనుషులకోసం రాసుకున్నవి. కంపైలరు వాటిని గడప దగ్గరే వదిలేసి లోపలికి వస్తుంది. చెట్టులోకి ఎక్కనివి చెట్టు నుంచి దిగవు కదా. డిస్కులో చోటు కలిసివచ్చిందని సంతోషించి, కొత్తదాన్ని పాతదాని మీదే రాయించేశాను. పాతది ఫ్లాపీల్లో ఎలాగూ ఉంది.

మా ఇంజనీరు గారిది కోస్తా. మర్యాదస్థుడు, కాగితం మీద ఉన్నదాన్ని నమ్మే మనిషి. "శభాషండీ, మిమ్మల్ని హైదరాబాదు వాళ్ళు చూస్తే ఎత్తుకుపోతారు" అన్నారు. నేను పొంగిపోయాను. పొంగినవాడు ఊరికే కూర్చోడు. ఐదేళ్ళ మట్టం రీడింగులు పెట్టి ప్రోగ్రామును నడిపించి, ఆ ఐదేళ్ళలో ఒక్కసారి కూడా పని చేయని కొమ్మలు ఏవైనా ఉంటే కత్తిరించమని పనిముట్టుకు చెప్పాను. పదకొండు తీసేశానని తెరమీద లెక్క చూపించింది. ఏ పదకొండని నేను అడగలేదు. ఆ ఐదేళ్ళూ వానలు బాగా కురిసిన ఏళ్ళని కూడా ఆలోచించలేదు. అదే నేను కూర్చున్న కొమ్మను నరుక్కున్న రోజు. చప్పుడు మాత్రం రెండేళ్ళ తర్వాత వినపడింది.

రెండేళ్ళకు కరువు వచ్చింది. రిజర్వాయరులో మట్టం కొలిచే గీతలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఉన్న నీళ్ళకు వంతుల షీటు తీశాం. ఎప్పటిలాగే ఒకటో తూము నుంచి మొదలై ఇరవై రెండుతో ముగిసింది. అప్పటికి వరి పొట్టమీద ఉంది. ఆ వరస ప్రకారం ఇరవై రెండో తూము కింది ఊరికి నీళ్ళు అందేసరికి తడపడానికి పైరు ఉండదు.

లస్కరు మళ్ళీ సైకిలేసుకుని వచ్చాడు.

"సార్, ఈ షీటు తిరగబడింది. కరువేడాది మొదటి వంతు కింది తూముది."

"ఎవరు చెప్పినారు?"

"ఎవురు చెప్పేదేంది సార్. వెనక కాలవకు పెద్ద గండి పడినప్పుడు పైఊరోళ్ళు చేతులెత్తేసినారు. కిందూరోళ్ళు ఆడామగా గంపలు ఎత్తుకోని వచ్చి పూడ్చినారు. పండిన పంట పైఊరోళ్ళకు దక్కె. కరువొస్తే మొదటి తడి మీదేనని ఆపొద్దు పెద్దలు మాటిచ్చిరి. ఆ యమ్మ ఉన్నప్పుడు ఒక తూరి కరువొస్తే షీటులోనే అట్ల వచ్చె గదా."

ఆ యమ్మ అంటే మేడం. ఆ ఒక్క మాటకు నేను ఆగి ఉండాలి. ప్రొద్దుటూరు బస్సు ఎక్కితే గంట ప్రయాణం కూడా కాదు. కానీ పోయినసారి పదో తూము విషయంలో ఇదే మనిషి ముందు తలవంచుకున్నాను. ఈసారి వంచదలుచుకోలేదు. ప్రోగ్రాము మొత్తం తెరమీద పైనుంచి కిందికి దొర్లించి చూపించాను. "చూడుప్పా, నువ్వు చెప్పేది ఇందులో యాడా లేదు" అన్నాను. అక్షరాలు రాని మనిషికి.

ఆయన తెరవైపు చూడనే లేదు. "సరే సార్" అని లేచి వెళ్ళాడు.

మర్నాడు తెల్లవారుతూనే పై తూములన్నీ దించేసి, ఇరవై రెండో తూము ఎత్తాడు. రెండు రోజులు నీళ్ళు కిందికి పోయాయి. పైఊరి కుర్రకారు షీటు చేత్తో పట్టుకుని ఆఫీసుకు వచ్చి గోల చేశారు. ఇంజనీరు గారు షట్టర్ల తాళాలు తెప్పించుకుని, లస్కరును సస్పెండు చేశారు. ఆయన రిటైరు కావడానికి ఐదు నెలలు ఉంది. విచారణ తేలకుండా రిటైరైతే పింఛను కాగితం ఏ బీరువాలో నిద్రపోతుందో చెప్పలేం. దానికి తోడు కింది ఊళ్ళో తడిసినవి సగం మడులే.

విచారణ ఫైలుకు నా నోటు కావాలన్నారు. ఇంజనీరు గారే చెబుతూ ఉంటే రాస్తున్నాను. "అట్టి నియమము ప్రోగ్రామునందు లేదు. ఎన్నడును ఉండి యుండలేదు. రాయండి, సంతకం పెట్టండి."

'ఎన్నడును' దగ్గర నా పెన్ను నిలిచిపోయింది. పదకొండు అన్న అంకె గుర్తుకొచ్చింది. పోయిన ఆ పదకొండులో ఏముందో నాకు తెలియదు. తెలియదని తెలిసి కూడా లేదని రాయబోతున్నాను.

"ఒక్క రోజు టైమివ్వండి సార్" అన్నాను.

ఫ్లాపీలు తీశాను. జమ్మలమడుగు ఎండకూ దుమ్ముకూ పాడైపోయి, పెట్టినదల్లా గరగరమందే గానీ ఒక్కటీ తెరుచుకోలేదు. మధ్యాహ్నం బస్సెక్కి ప్రొద్దుటూరు పోయాను.

బంగారం అంగళ్ళ వెనక సందులో మేడం ఇల్లు. మంచినీళ్ళిచ్చి, నేను చెప్పిందంతా విన్నారు. చెట్టు సంగతి చెబుతున్నంతసేపూ ఆమె ముఖంలో నిజమైన సంతోషం కనపడింది.

"చెట్టు కట్టి మార్చినావా? శానా బాగుందిప్పా. నాకు తట్టనే లేదు" అన్నారు. ఆ తర్వాత, "మరి నేను రాసిపెట్టిన మాటలేమైనాయి?" అని అడిగారు.

"కంపైలరు వాటిని తీసుకోదు మేడం."

"కంపైలరు తీసుకోదులే. నువ్వు తీసుకోవద్దా?"

ఆమె లోపలికి వెళ్ళి, రెండంచులా చిల్లులున్న పాత కంప్యూటరు కాగితాల దొంతర తెచ్చారు. బదిలీ అయినప్పుడు తన ప్రోగ్రాము మొత్తాన్ని అచ్చు తీసి దాచుకున్నారట. "పిల్లకాయల లెక్కలకిస్తే పోయేది. ఎందుకో ఇయ్యబుద్ధి కాలా" అంటూ పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టారు. మట్టం ఫలానా గీతకంటే దిగితే మొదటి వంతుకు వరస తిప్పమని నాలుగు లైన్ల కొమ్మ. దాని పైన మీసాల బ్రాకెట్లలో గండి కథ అంతా ఉంది. కింద ఇంకొక వాక్యం కూడా ఉంది. బస్సులో వెనక్కి వస్తూ నేను ఆ వాక్యాన్నే చదువుకుంటూ వచ్చాను.

సాయంత్రం ఇంజనీరు గారి బల్లమీద ఆ కాగితాలు పరిచాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. కాగితం మీద ఉంది కనుక నమ్మారు. పైఊరి పెద్దాయన ఒకర్ని పిలిపించారు. ఆ పెద్దాయన, "మా నాయన ఇచ్చిన మాటే సార్. మా పిల్లోళ్ళకు తెల్దు. నేను చెప్పకపోవడం నాదే తప్పు" అన్నాడు. అన్నాడే గానీ అప్పటిదాకా ఎందుకు నోరు విప్పలేదో మేమెవరం అడగలేదు. ఆయన మడులు మూడో తూము కింద ఉన్నాయి.

ఆయన పోయాక ఇంజనీరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "అయితే ప్రోగ్రాములో లోపం వల్ల అని రాసి ఫైలు మూసేద్దామండీ. మధ్యలో మీ పేరెందుకు?"

నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట తియ్యగానే వినపడింది. కొత్తగా పెళ్ళయింది, ప్రమోషను లిస్టులో పేరుంది. కానీ ప్రోగ్రాములో లోపం లేదు. పనిముట్టులోనూ లేదు. నేను కత్తిరించమన్నాను, అది కత్తిరించింది. మిషను పాపం ఏం చేస్తుంది?

"ప్రోగ్రాముకు మెమో ఇవ్వలేం కదా సార్. ఉన్న నియమాన్ని నేను తీసేశానని రాయకపోతే షీటు తప్పని తేలదు. అది తేలకపోతే ఆయన చేసింది ఒప్పని తేలదు" అన్నాను.

ఆయన టైపిస్టును పిలిచారు. నాకు మెమో, లస్కరుకు సస్పెన్షను రద్దు, ఒకే దఫా టైపయ్యాయి. నా ప్రమోషను రెండేళ్ళు వెనక్కి పోయింది. మా ఆవిడ ఇప్పటికీ కరువు మాట వస్తే ఆ లెక్కే తీస్తుంది.

తాళాలు ఆ పూటే తిరిగి వెళ్ళాయి. అప్పటికి నాలుగు రోజులు నష్టమైంది. కింది ఊళ్ళో చివరి మడులు కొన్ని దక్కలేదు. అవి ఎవరివో నాకు తెలుసు. ఆ ఇంటాయన పెద్దముడియం బస్సులో ఎదురైతే నేను కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి. సిగ్గు వేసేది. ఆయనకు నేనెవరో తెలియదు, అయినా వేసేది.

ఆ తర్వాత ఒక నెల పట్టింది పనిముట్టును సరిచేయడానికి. మనుషుల మాటల్ని గడప దగ్గర వదిలేయకుండా, ఏ కొమ్మకు సంబంధించిన మాట ఆ కొమ్మకే కట్టి చెట్టులోకి ఎక్కించాను. కొమ్మ కదిలితే మాట కూడా కదులుతుంది. మాట కట్టి ఉన్న కొమ్మను తీయాల్సి వస్తే పనిముట్టు ఆగిపోయి, ఆ మాటను తెరమీద చూపించి, నేను జవాబిచ్చేదాకా కదలదు. మేడం కాగితాల్లోని మాటలన్నీ కూర్చుని తిరిగి టైపు చేశాను. ఈసారి చదివాను.

ఇక చెప్పాల్సింది ఒక్కటే ఉంది. తాళాలు తిరిగిచ్చిన మర్నాడు నేను గట్టుమీదికి వెళ్ళాను. లస్కరు ఇరవై రెండో తూము దగ్గర కూర్చుని ఉన్నాడు. నీళ్ళు కిందికి పోతున్నాయి. నా సంచిలోంచి చిల్లుల కాగితం బయటికి తొంగిచూస్తోంది.

"అదేనా ఆ యమ్మ కాయితం?" అన్నాడు.

"అదే మామా." అంతకుముందెప్పుడూ ఆయన్ని అలా పిలవలేదు.

"ఏం రాసిందో సదువు."

చదివాను. మట్టం ఈ గీతకంటే దిగితే మొదటి వంతు కింది తూముకు. గండి పడిన ఏడాది ఆ ఊరివాళ్ళు వచ్చి పూడ్చినందుకు పైఊళ్ళ పెద్దలు ఇచ్చిన మాట. ఇది ప్రభుత్వ కాగితాల్లో ఎక్కడా లేదు. నాకు చెప్పింది లస్కరు. ఆ తర్వాత ఆ చివరి వాక్యం కూడా చదివాను. తీసేముందు ఆయన్ని అడగండి.

తన పేరు లేకపోయినా తన మాట ఒక కాగితం మీద అన్నేళ్ళుగా ఉందని ఆయనకు తెలియదు.

"మరి అడగలేదేమప్పా?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు.

చెట్టు సంగతి చెప్పొచ్చు, కంపైలరు సంగతి చెప్పొచ్చు. అవన్నీ వదిలేసి సంచిలోంచి నోటుబుక్కు తీశాను.

"ఇప్పుడు అడుగుతాండా మామా" అన్నాను.

భుజం మీది తువ్వాలు తీసి, గట్టుమీద దుమ్ము దులిపి, నాకు చోటు చూపించాడు.

"ఈడ కూచో. ఒకటో తూము కాన్నుంచి చెప్తా. రాసుకో."